కొనుగోలు తప్పనిసరి కాదన్నారు, ఇప్పుడు రశీదు లేదని ఫీజు ఆపేశారు

వానచినుకు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మిస్టరీ షాపింగ్ మొదలుపెట్టి ఏడు నెలలైంది. 30 విజిట్లు చేశాను, ఒక్క రిపోర్టూ వెనక్కి రాలేదు. 31వది నిన్న తిరస్కరించారు. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒక చెప్పుల దుకాణానికి మామూలు కొనుగోలుదారులా వెళ్లడం నా పని. లోపలికి రాగానే పలకరించారా, కాలి కొలత తీశారా, అడగకుండానే రెండో జత చూపించారా, ఇవన్నీ గమనించి, పని ఇచ్చిన మిస్టరీ షాపింగ్ కంపెనీకి 24 గంటల్లోగా రిపోర్టు పంపాలి. సూచనల పత్రం 11 పేజీలు. మూడో పేజీలో "కొనుగోలు తప్పనిసరి కాదు. కొన్నట్లయితే రశీదు జతచేయండి" అని స్పష్టంగా ఉంది. నేను ఏమీ కొనలేదు.

ఇంటికి వచ్చి ఫారం తెరిస్తే, రశీదు గడి పక్కన ఎర్ర చుక్క. ఏదో ఒక ఫైలు పెట్టనిదే ఫారం ముందుకు కదలదు. కంపెనీలో మాకు పనులు కేటాయించే షెడ్యూలర్‌కు ఫోన్ చేశాను. "పరవాలేదు, దుకాణం బోర్డు ఫొటో పెట్టేయండి, కింద వివరం రాయండి" అన్నారు. అలాగే చేశాను. మూడు రోజుల్లో కంపెనీలో రిపోర్టులు సరిచూసే ఎడిటర్ ఆమోదించారు, పదికి 9 మార్కులు కూడా ఇచ్చారు. 16 రోజుల తర్వాత, అంటే నిన్న, రెండు వాక్యాల మెయిల్ వచ్చింది (క్లయింటు అంటే ఈ పని చేయించుకునే దుకాణం వారు): "రశీదు లేనందున క్లయింటు ఈ రిపోర్టును అంగీకరించలేదు. ఫీజు చెల్లించడం సాధ్యం కాదు."

రెండు బస్సులు మారి వెళ్లాను. లోపల 48 నిమిషాలు ఉన్నాను. రిపోర్టు రాయడానికి రెండు గంటలు పట్టింది. వారు చెప్పినట్టే చేసినందుకు ఇదా? ఇప్పుడు నేనేం చేయాలి?

పాతకాపు · సోమవారం, రాత్రి 10:25

వానచినుకు గారూ, జవాబు మెయిల్ ఈ రాత్రికి రాయకండి. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇప్పుడే లాగిన్ అయి ఆ సూచనల పత్రాన్ని, మీరు నింపిన ఫారాన్ని, 9 మార్కులు చూపించే పేజీని డౌన్‌లోడ్ చేసుకోండి. డౌన్‌లోడ్ వీలుకాకపోతే ఒక్కో పేజీకి స్క్రీన్‌షాట్ తీయండి. పని ముగిసిందని గుర్తు పెట్టాక చాలా కంపెనీల సైట్లలో సూచనల లింకు మాయమవుతుంది. ఆ తర్వాత "మూడో పేజీలో ఇలా ఉంది" అని మీరెంత చెప్పినా చూపించడానికి ఏమీ మిగలదు. నాకు ఒకసారి సరిగ్గా అలాగే జరిగింది, ఆ ఫీజు ఇప్పటికీ రాలేదు.

అది పూర్తయ్యాక మరో రెండు విషయాలు చెప్పండి. చేరినప్పుడు మీరు ఒప్పుకున్న కాంట్రాక్టులో "క్లయింటు అంగీకరిస్తేనే చెల్లింపు" అనే మాట ఉందా? షెడ్యూలర్ ఫోన్‌లో చెప్పినది ఎక్కడైనా రాతపూర్వకంగా ఉందా?

మందారం · సోమవారం, రాత్రి 11:02

చదువుతుంటే నా పనే గుర్తొచ్చింది. నాది ఒక బ్యాంకు శాఖ. "ఉద్యోగి పేరు అడగరాదు, పేరు పట్టీ చూసి రాసుకోవాలి" అని సూచనల్లో ఉంది. ఆ అమ్మాయి పేరు పట్టీ పెట్టుకోలేదు. ఫారంలో పేరు గడి తప్పనిసరి. నేను "పట్టీ లేదు" అని రాసి, ఎత్తు, జుట్టు, కళ్లద్దాలు, ఏ కౌంటర్‌లో కూర్చుందో అన్నీ వివరించాను. "పేరు లేదు" అంటూ ఫీజులో సగం కోసేశారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పేరు గడి నింపడానికి ఏదో ఒక పేరు రాసేద్దామని ఒక్క క్షణం అనిపించింది. రాయలేదు. ఆ కాగితం మీద ఇంకెవరి పేరో పడితే, వారి ఉద్యోగానికే ముప్పు కదా.

దూరప్రయాణి · మంగళవారం, ఉదయం 6:48

కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించండి. 11 పేజీలు చదివానంటున్నారు. చెప్పుల దుకాణం పనుల్లో సాధారణంగా బిల్లింగ్ కౌంటర్ గురించి కూడా ప్రశ్నలుంటాయి. మీ ఫారంలోనూ ఉండే ఉంటాయి. కొనకుండా బిల్లింగ్ ప్రశ్నలకు జవాబెలా రాస్తారు? అనుమానం అక్కడే రావాలి. ఇంటికొచ్చాక కాదు, బయలుదేరక ముందే అడగాలి. నేను తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఫారం మొత్తం చివరిదాకా చూడకుండా ఇంటి గడప దాటను.

వానచినుకు · మంగళవారం, ఉదయం 8:15

దూరప్రయాణి గారూ, మీ మాట గుచ్చుకుంది, కానీ అందులో నిజముంది. ఫారాన్ని ముందుగా తెరిచి చూడలేదు. సూచనలు మాత్రం రెండుసార్లు చదివాను. బిల్లింగ్ మీద నాలుగు ప్రశ్నలున్నాయి. నాలుగింటికీ "వర్తించదు" అనే ఎంపిక ఉంది, అదే పెట్టాను.

పాతకాపు గారూ, అన్నీ డౌన్‌లోడ్ చేశాను. కాంట్రాక్టులో ఆ మాట ఉంది: "నాణ్యతా ప్రమాణాలకు అనుగుణంగా ఉండి, క్లయింటు అంగీకరించిన రిపోర్టులకు మాత్రమే చెల్లింపు." షెడ్యూలర్ చెప్పినది ఫోన్‌లోనే. రాతలో ఏమీ లేదు. ఫోన్ చేసిన రోజు, సమయం మాత్రం నా కాల్ జాబితాలో కనిపిస్తున్నాయి. ఆరు నిమిషాల కాల్.

నిర్వాహకులు · మంగళవారం, ఉదయం 9:00

చర్చ చక్కగా సాగుతోంది. ఒక చిన్న విన్నపం: క్లయింటు పేరు గానీ, కంపెనీ పేరు గానీ, గుర్తుపట్టే వివరాలు గానీ ఎవరూ రాయకండి. మనందరం గోప్యత ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లమే. ఫీజు వివాదంలో న్యాయం మీ వైపే ఉన్నా, పేరు బయటపెడితే ఒప్పందం తప్పినది మీరవుతారు, వారి చేతికి కారణం మీరే అందించినట్టవుతుంది. "ఒక చెప్పుల దుకాణం" అంటే చాలు.

అక్షరమాల · మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను ఆరేళ్లు ఒక మిస్టరీ షాపింగ్ కంపెనీలో ఎడిటర్‌గా పనిచేశాను. ఇప్పుడు లేను కాబట్టి స్వేచ్ఛగా రాస్తున్నాను.

ముందుగా వానచినుకు గారికి: మీ దగ్గరున్న అన్నిటికంటే గట్టి సాక్ష్యం మూడో పేజీ కాదు, ఆ నాలుగు "వర్తించదు" ఎంపికలు. సూచనల పత్రంలో పొరపాటు దొర్లిందని కంపెనీ తప్పించుకోవచ్చు. కానీ కొనుగోలు నిజంగా తప్పనిసరి అయితే, బిల్లింగ్ ప్రశ్నల కింద "వర్తించదు" ఎందుకు పెడతారు? ఫారం తయారుచేసినవారు కొననివారు కూడా ఉంటారని ఊహించే ఆ ఎంపిక పెట్టారు. రశీదు గడి దగ్గర మాత్రం ఎర్ర చుక్క తీయడం మరిచిపోయారు. నా లెక్క ప్రకారం అంతే జరిగింది.

ఇలాంటివి ఎలా పుడతాయో చెప్తాను. సూచనలు ఒకరు రాసేవి కావు. క్లయింటు తమ ఆలోచన పంపుతారు. ప్రాజెక్టు మేనేజర్ దానిని సూచనలుగా మారుస్తారు. ఫారాన్ని ఇంకొకరు తయారుచేస్తారు, అదీ ఖాళీ కాగితం నుంచి కాదు, పోయిన ఏడాది ఇంకో క్లయింటుకు చేసిన ఫారాన్ని నకలు తీసి మారుస్తారు. పాత ఫారంలో కొనుగోలు తప్పనిసరి అయి ఉంటుంది. గడి అలాగే ఉండిపోతుంది. నడిమధ్యలో క్లయింటు మనసు మార్చుకుంటే సూచనల్లో ఒక పేజీ మారుతుంది, మిగతా పది మారవు. చాలా పనులు మొదట వేరే భాషలో రాసి అనువదించినవి. ఆ అనువాదంలో "చేయాలి", "చేయడం మంచిది", "చేయవచ్చు" మూడూ ఒకే ముద్దగా కలిసిపోవడం నేను కళ్లారా చూశాను. "సిబ్బంది వెంటనే పలకరించారా?" అనే ప్రశ్నకు "వెంటనే" అంటే 30 సెకన్లా, రెండు నిమిషాలా అని నేనే మేనేజర్‌ను అడిగాను. ఆయన క్లయింటును అడిగారు. క్లయింటు నుంచి జవాబు రాలేదు. ఆలోపు ఆ ప్రశ్న మీద ఎంతోమంది మార్కులు పోగొట్టుకున్నారు. ఆ మార్కులు కోసింది నేనే. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది.

మార్కుల గురించి కూడా స్పష్టంగా ఉండాలి. ఎడిటర్ ఇచ్చే 9 మీ రాతకు, వివరానికి ఇచ్చేది. క్లయింటు ఆమోదం దానికి వేరు. కానీ రశీదు గడిలో బోర్డు ఫొటో కనిపించినప్పుడు ఎడిటర్ ఆపాలి. ఆపకుండా 9 ఇచ్చి పంపారంటే, ఆ ఫొటో చెల్లుతుందని కంపెనీ లోపల ఎవరికో తెలుసన్నమాట. మెయిల్‌లో ఇది కూడా రాయండి.

మందారం గారూ, పేరు కల్పించి రాయకపోవడం మీరు చేసిన గొప్ప పని. సిబ్బందిని ఇలా గమనిస్తారని యజమానులు వారికి ముందే తెలియజేయాలని ఎసోమార్ వంటి మార్కెట్ పరిశోధనా సంఘాల మార్గదర్శకాలు చెబుతాయి. ఉద్యోగి కోణం నుంచి అంత జాగ్రత్త అవసరమైన పని ఇది. తప్పు పేరు రాసిన రిపోర్టు రాకపోవడమే నయం.

నీలిమేఘం · మంగళవారం, సాయంత్రం 5:10

వానచినుకు గారిది తిరస్కరణ. నాది ఇంకా విచిత్రం, అంగీకరించారు, కానీ డబ్బు కనిపించదు. నెల 2వ తేదీన విజిట్ చేశాను. "చెల్లింపు 60 రోజుల్లో" అని రాసి ఉంది. నేడు 71వ రోజు. మెయిల్ పంపితే "మీ చెల్లింపు గడువులోనే ఉంది" అంటున్నారు. 71 రోజులు 60 లోపల ఎలా అవుతాయి?

పాతకాపు · మంగళవారం, సాయంత్రం 6:35

నీలిమేఘం గారూ, ఆ వాక్యాన్ని మళ్లీ పూర్తిగా చదవండి. "విజిట్ నుంచి 60 రోజులు" అని ఉందా, "అంగీకరించిన నెల ముగిశాక 60 రోజులు" అని ఉందా? రెండోది చాలాచోట్ల ఉంటుంది. 2వ తేదీన చేసిన పనికి 28 రోజులు నెలాఖరుకే పోతాయి, ఆ పైన 60. దాదాపు 88 రోజులు. ఎడిటింగ్ ఆలస్యమై అంగీకారం తర్వాతి నెలలోకి జారితే ఇంకో నెల కలుస్తుంది. అందుకే నేను నెల మొదట్లో చేసే పనికీ నెల చివర్లో చేసే పనికీ ఒకే విలువ కట్టను. ఫీజు ఒకటే అయినా, చేతిలో పడే రోజు వేరు.

కొనుగోలు తప్పనిసరి అయిన పనుల్లో ఇది మరీ ముఖ్యం. ముందు మన జేబులోంచి పెడతాం, వారు తర్వాత తిరిగి ఇస్తారు. ఫీజు కంటే కొనుగోలు ఖర్చే ఎక్కువైన పనులున్నాయి. అలాంటి రిపోర్టు ఒక్కటి తిరస్కరిస్తే శ్రమ ఒక్కటే కాదు, సొంత డబ్బు కూడా పోతుంది. మూడు నెలలు ఆ డబ్బు లేకపోయినా ఇల్లు గడుస్తుందా అని చూసుకునే ఒప్పుకోండి.

ఒక కొత్త కంపెనీలో చేరేముందు, అది మిస్టరీ షాపింగ్ కంపెనీల సంఘమైన ఎం.ఎస్.పి.ఎ.లో సభ్యత్వం ఉన్నదా కాదా చూస్తాను. 1998లో అమెరికాలో మొదలైన సంఘం అది, ఇప్పుడు ఇతర ఖండాల్లోనూ దాని శాఖలున్నాయి. సభ్య కంపెనీలకు ఒక నియమావళి ఉంది. సభ్యత్వం ఉన్నంత మాత్రాన ఫీజు నడిచి రాదు, కానీ మెయిల్‌లో ఆ నియమావళిని ప్రస్తావించే వీలు మనకు ఉంటుంది.

కొత్తకలం · మంగళవారం, రాత్రి 8:20

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు కూడా చెల్లింపు సమస్యే. ఒక కంపెనీ నన్ను మెయిల్ ద్వారా ఎంపిక చేసింది. మొదటి పని డబ్బు పంపే సంస్థ సేవలను పరీక్షించడమట. నాకు ఒక చెక్కు పంపారు, దాన్ని ఖాతాలో వేసి, నా ఫీజు ఉంచుకుని, మిగతా మొత్తాన్ని వేరొకరికి పంపి అనుభవం రాయమన్నారు. ఖాతాలో డబ్బు కనిపిస్తోంది. పంపవచ్చా?

నిర్వాహకులు · మంగళవారం, రాత్రి 8:26

పంపకండి. దయచేసి ఈ రాత్రి ఒక్క పైసా కూడా పంపకండి. అది మిస్టరీ షాపింగ్ కాదు, మోసం.

చెక్కు వేయగానే ఖాతాలో డబ్బు కనిపించవచ్చు, కానీ అది నిజంగా వచ్చినట్టు కాదు. చెక్కు నకిలీదని తేలడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. తేలాక బ్యాంకు ఆ మొత్తాన్ని మీ ఖాతా నుంచే వెనక్కి తీసుకుంటుంది. మీరు పంపిన డబ్బు మాత్రం తిరిగి రాదు. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ పద్ధతి గురించే ప్రజలను హెచ్చరిస్తూ వస్తోంది. నిజమైన కంపెనీ చేరడానికి డబ్బు అడగదు, చెక్కు ముందే పంపదు, గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపమనదు. ఉదయాన్నే మీ బ్యాంకుకు వెళ్లి జరిగింది చెప్పండి. వారు పంపిన మెయిళ్లు చెరిపేయకండి.

కొత్తకలం · మంగళవారం, రాత్రి 8:41

చేతులు వణుకుతున్నాయి. రేపు ఉదయం పంపాలనుకున్నాను. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

వానచినుకు · మంగళవారం, రాత్రి 10:50

కొత్తకలం గారూ, మీరు అడిగినందుకు చాలా సంతోషం.

మెయిల్ చిత్తుప్రతి రాశాను. సరిచేయండి:

"నమస్కారం. మీ నిర్ణయం నాకు తీవ్ర బాధ కలిగించింది. నేను ఏడు నెలలుగా ఎంతో నిజాయితీగా పనిచేస్తున్నాను. మీ షెడ్యూలర్ చెప్పినట్టే చేశాను. సూచనలు స్పష్టంగా లేకపోవడం నా తప్పు కాదు. నాలాంటివారి శ్రమకు మీ దగ్గర విలువ లేదని అర్థమైంది. దయచేసి ఫీజు చెల్లించండి, లేకపోతే చట్టపరమైన చర్య తీసుకోవాల్సి వస్తుంది."

అక్షరమాల · బుధవారం, ఉదయం 7:05

మీ బాధ న్యాయమైనదే. కానీ ఆ మెయిల్ చదివే మనిషి ముందు ఒకే రోజు 40 మెయిళ్లుంటాయి. బాధ ఉన్న వాక్యాలు దాటేసి, చర్య తీసుకుంటామన్న వాక్యం దగ్గర ఆగి, పై అధికారికి పంపేస్తారు. అక్కడ వారం పడి ఉంటుంది. ఆ మనిషి చేతికి పరిష్కారం అందించే మెయిల్ కావాలి. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం. ఫలానా నంబరు రిపోర్టును రశీదు లేదన్న కారణంతో తిరస్కరించారు. దయచేసి ఈ నాలుగు విషయాలు చూడండి. సూచనల పత్రం 3వ పేజీలో కొనుగోలు తప్పనిసరి కాదని ఉంది (జత 1). ఫారంలో బిల్లింగ్ ప్రశ్నలకు 'వర్తించదు' ఎంపిక ఉంది (జత 2). రశీదు గడి ఖాళీగా ఉంటే ఫారం పంపడం కుదరదు, అందువల్ల ఫలానా తేదీ, ఫలానా సమయానికి మీ షెడ్యూలర్‌తో ఆరు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడి, వారి సలహా ప్రకారం బోర్డు ఫొటో జతచేసి, వివరం రాశాను (జత 3). మూడు రోజుల తర్వాత రిపోర్టును ఆమోదించి 9 మార్కులు ఇచ్చారు (జత 4). సూచనల ప్రకారం పని పూర్తి చేశాను కాబట్టి పూర్తి ఫీజు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఏడు పని దినాల్లో జవాబు ఆశిస్తున్నాను. ఈ ఫారంలోని రశీదు గడిని సరిచేస్తే తర్వాత వెళ్లేవారికి ఈ ఇబ్బంది రాదు."

చివరి వాక్యం మర్యాదకు కాదు. వారు ఫారంలో లోపం ఉందని ఒప్పుకోవడానికి అది ఒక దారి. చట్టం మాట ఇప్పుడే వద్దు. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. ఏ కోర్టు, ఎంత ఖర్చు అన్నది తెలుసుకున్నాకే ఆ మాట ఎత్తాలి.

దూరప్రయాణి · బుధవారం, ఉదయం 7:40

ఈ మెయిల్ చాలా బాగుంది. ఫొటో గురించి ఒక మాట కలుపుతాను. ఫోన్‌తో తీసిన అసలు ఫొటోలో తీసిన సమయం ఉంటుంది, అనుమతి ఇచ్చి ఉంటే స్థలం కూడా నమోదవుతుంది. చాలా మెసేజింగ్ యాప్‌లలో ఫొటో పంపితే ఆ వివరాలు పోతాయి. కాబట్టి మెయిల్‌కు అసలు ఫైలే జతచేయండి. మీరు ఆ రోజు ఆ దుకాణం ముందు ఉన్నారని అది నిరూపిస్తుంది. రశీదుతో వారికి కావాల్సింది కూడా అదే కదా.

నేను రశీదులు ఎప్పుడూ దుకాణం బయటికి రాగానే ఫొటో తీస్తాను, ఇంటికి వచ్చాక కాదు. థర్మల్ కాగితం అది. అక్షరాలు సిరాతో అచ్చయినవి కావు, వేడికి కాగితం నల్లబడి ఏర్పడినవి. ఎండలో నిలిపిన కారులో రశీదు వదిలేసి వస్తే కాగితమంతా బూడిద రంగు తిరిగింది, మొత్తం ఎంతో కనిపించలేదు. ఆ ఫీజూ పోయింది, కొన్న ఖర్చూ పోయింది.

నిన్న కటువుగా రాశాను. ఫోన్ చేసి అడిగారని తెలియదు. అడిగినవారిని తప్పు పట్టకూడదు.

మందారం · బుధవారం, మధ్యాహ్నం 12:15

అక్షరమాల గారి పద్ధతిలోనే నేను కూడా ఆ బ్యాంకు పని గురించి మెయిల్ పంపాను. "పేరు అడగరాదు" అన్న పేజీని, పేరు గడిని పక్కపక్కన పెట్టి ఒకే బొమ్మగా జతచేశాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయలేదు.

వానచినుకు · శుక్రవారం, సాయంత్రం 4:30

జవాబు వచ్చింది. "సద్భావంతో సగం ఫీజు చెల్లించగలం. అంగీకరిస్తే ఈ విషయం పూర్తిగా పరిష్కారమైనట్టు నిర్ధారించండి" అంటున్నారు. షెడ్యూలర్ ఫోన్ సంగతి అసలు ప్రస్తావించలేదు. ఏం చేయాలి? నిజం చెప్పాలంటే అలసిపోయాను. సగమైనా వస్తే తీసుకుని ఊరుకోవాలనిపిస్తోంది.

నీలిమేఘం · శుక్రవారం, సాయంత్రం 5:00

తీసుకోండి. ఆ కంపెనీ ఇంకో నెలలో మీకు పనులు ఇవ్వడం ఆపేస్తే? సగం పోగొట్టుకోవడం కంటే పనులు పోగొట్టుకోవడం ఎక్కువ నష్టం.

పాతకాపు · శుక్రవారం, సాయంత్రం 5:45

నీలిమేఘం గారి భయం నాకు అర్థమవుతుంది, చాలాకాలం నేనూ అలాగే భయపడ్డాను. అయితే "పూర్తిగా పరిష్కారమైనట్టు" అనే మాట ఒప్పుకుంటే, తప్పు మీదేనని వారి రికార్డులో మిగిలిపోతుంది. రేపు మీ రేటింగ్ చూసేవారికి తిరస్కరించిన రిపోర్టుగానే కనిపిస్తుంది. వారు సగం ఇవ్వడానికి సిద్ధపడ్డారంటే మీ సాక్ష్యాలు చదివారన్నమాట. చదవనివారు ఏమీ ఇవ్వరు.

ఇంకొక్క మెయిల్ రాయండి, రెండే వాక్యాలు. పనిలో లోపం ఏమిటో ఒక్కటి చూపించమని అడగండి. లోపం చూపిస్తే సగానికి ఒప్పుకుంటానని రాయండి.

దూరప్రయాణి · శుక్రవారం, సాయంత్రం 6:10

నేనైతే ఒక పని చేస్తాను. షెడ్యూలర్‌కు విడిగా మర్యాదగా రాసి, ఆ రోజు ఫోన్‌లో చెప్పిన మాటను ఒక్క వాక్యంలో నిర్ధారించమని అడుగుతాను. వారిలోనూ మంచివాళ్లుంటారు. చాలామంది మనలాగే ఒక్కో విజిట్‌కు ఇంత అని తీసుకునేవారు. ఏ పనికైనా మనిషి దొరకకపోతే నెలాఖరులో వారి మీదే ఒత్తిడి.

అక్షరమాల · శుక్రవారం, రాత్రి 8:00

రెండూ చేయండి. షెడ్యూలర్‌కు ముందు, కంపెనీకి తర్వాత. ఒకవేళ షెడ్యూలర్ జవాబివ్వకపోయినా నిందించకండి, వారి ఉద్యోగం కూడా సన్నని దారం మీదే ఉంటుంది.

వానచినుకు · మరుసటి బుధవారం, ఉదయం 11:20

షెడ్యూలర్ జవాబిచ్చారు! "అవును, బోర్డు ఫొటో పెట్టమని నేనే చెప్పాను, ఈ ఫారం గురించి ఇంకా ముగ్గురు ఫోన్ చేశారు" అని రాసి, ప్రాజెక్టు మేనేజర్‌కు కూడా ప్రతి పంపారు. ఆ వాక్యం చదివి చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్ని రోజులూ.

ఈ ఉదయం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. తిరస్కరణ ఎత్తేశారు, పూర్తి ఫీజు ఈ నెల జాబితాలో చేర్చారు. క్షమాపణ లేదు. ఫారం గురించి ఒక్క మాటా లేదు.

మందారం · బుధవారం, మధ్యాహ్నం 2:05

మనసు నిండింది వానచినుకు గారూ. నాకు మాత్రం "క్లయింటు నిబంధన, మార్చలేము" అని వచ్చింది. ఆ కంపెనీలో పేరు తప్పనిసరి అయిన పనులు ఇక తీసుకోను.

నీలిమేఘం · బుధవారం, మధ్యాహ్నం 3:30

పాతకాపు గారి లెక్క సరిపోయింది. నా కాంట్రాక్టులో "నెల ముగిశాక" అనే ఉంది. ఇంకో తొమ్మిది రోజులు ఎదురుచూస్తాను.

కొత్తకలం · గురువారం, ఉదయం 9:50

మొన్న బ్యాంకుకు వెళ్లాను, ఆ చెక్కు నకిలీదే. మీ అందరి వల్ల డబ్బు పోలేదు. తర్వాత ఒక అసలైన కంపెనీలో చేరాను, మొదటి పని వచ్చింది. అది కూడా చెప్పుల దుకాణమే, సూచనలు 11 పేజీలు, మూడో పేజీలో కొనుగోలు తప్పనిసరి కాదని ఉంది. ముందే ఫారం తెరిచి చూశాను. రశీదు గడి పక్కన ఎర్ర చుక్క ఇంకా అలాగే ఉంది. షెడ్యూలర్‌కు మెయిల్ పంపాను, ఫోన్ చేయలేదు. జవాబు రాతలో వచ్చేదాకా బయలుదేరను.